గోవిందరావు తాగలేదు

"మీరే తోసినారు నా మనిషిని లాకప్పులోకి! ఆ కలప బాబూ, మన సింహాచలం గారూ, నువ్వూను బావా! ముగ్గురూ కలిసి తోసినారు. ఇప్పుడు తలుపేసుకుని కూకుంటే ఊరుకుంతాననుకున్నావేటి?"

దాలమ్మ గొంతుకి రైల్వే క్వార్టర్ల వరసంతా బయటికొచ్చింది. ఆదివారం పొద్దు. చేతిలో చేపల సంచీ ఉన్నవాడు సంచీతో, గెడ్డానికి సబ్బు నురగ ఉన్నవాడు నురగతో వచ్చి నిలబడ్డారు. చూడటానికి అందరూ వస్తారు. నోరు విప్పడానికి ఒక్కడూ రాడు. ఖరగ్‌పూర్‌లో మనవాళ్ల రివాజు అది.

తలుపు గడియ వేసింది నూకయ్య కాదు, అతని పెళ్లాం హైమవతి. నూకయ్య చద్దన్నం ముందు కూర్చుని చెయ్యి కడుక్కోకుండానే లేచి గడియ తీశాడు. వయసు యాభై దాటింది. రైలు పెట్టెల కింద దూరి బ్రేకు సామాను బిగించే ఫిట్టరు. ఊళ్లో తెలుగు ఫిట్టర్లు చాలామందే ఉన్నారు గానీ, ఇతను చెయ్యి వేస్తే మళ్లీ చూసుకోనక్కర్లేదని పేరు.

"ఏటయ్యింది దాలమ్మా, ఈదిలో ఈ కేకలేటి?"

"ఏటయ్యిందా! నీకు తెలీదూ? సాలువా రోడ్డు మీద ఆడమనిషి సచ్చిపోనాది. నా మొగుడు తాగి తోలినాడంతన్నారు. ఆడు అమ్మోరికి మొక్కుకుని మందు మానేసి ఏడాది దాటిపోనాది. లాకప్పు ఊసలట్టుకుని నాతో ఏటన్నాడో తెలుసా? 'స్టీరింగు కుడేపు తిరగలేదే, నానేటి సెయ్యను' అన్నాడు. 'నూకయ్యన్న బుష్షేసినాడు కదా, ఎల్లి అన్ననే అడుగు' అన్నాడు. అడగడానికొచ్చినాను. సెప్పు బావా."

"నానేసింది బాగానే ఏసినాను" అన్నాడు నూకయ్య.

"మానేసినోడు మళ్లీ తాగడేటి?" లోపల నుంచి హైమవతి అంది. "నీ మొగుడు తాగి నాలాలో పడితే మోసుకొచ్చింది మా మనిషే కదే!"

"మోసుకొచ్చినాడు. అందుకే ఇప్పుడు మోసెయ్యమంతన్నావా, స్మశానానికి?" దాలమ్మ కొంగు దులిపి నూకయ్య మొహంలోకి చూసింది. "నీ సెయ్యి సల్లగుండ బావా. నువ్వు బాగానే ఏసుంటావు. మరి ఆడు తాగలేదు, నువ్వు బాగా ఏసినావు, బాబు మారాజు. ఆ మనిషినెవరు సంపినారు? అమ్మోరా?"

దాలమ్మ వెళ్లిపోయింది. చేపల సంచీలు కదిలాయి. నూకయ్య లోపలికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు, తినలేదు. "గోవిందు తాగే ఉంటాడు" అనుకున్నాడు. అలా అనుకుంటే గాని ముద్ద దిగదు. అయినా దిగలేదు.

గోవిందరావు మజుందార్ బాబు డ్రైవరు. మజుందార్ బాబు కలప కాంట్రాక్టరు. గోల్‌బజార్ వెనక పెద్ద కలప అడితీ, రంపం మిల్లూ ఉన్నాయి. లారీలు కాక ఒక ఎర్ర కారుంది. రెండే సీట్లు, గుడ్డ టాపు, ముందు పొడుగాటి ముక్కు. విల్‌ఫ్రెడ్ దొర అనే ఆంగ్లో ఇండియన్ రైలింజను డ్రైవరు దాన్ని కన్నబిడ్డలా చూసుకున్నాడు. ఆస్ట్రేలియా ఓడెక్కుతూ ఏడుస్తూ అమ్ముకున్నాడు. మజుందార్ బాబు కొనుక్కున్నాడు. కొనుక్కున్నవాడికి బండి మీద ప్రేమ లేదు, బండిలో కనపడాలని ఉబలాటం. దొరల కాలం పోయింది, దొరతనం మాత్రం చేతులు మారింది.

పోయిన గురువారం మధ్యాహ్నం గోవిందరావు ఆ కారు తీసుకుని బాబు చుట్టాన్ని దింపడానికి సాలువా వైపు వెళ్లాడు. దింపి ఒంటరిగా తిరిగొస్తున్నాడు. రోడ్డు కుడివైపుకి తిరిగే చోట కారు తిరగలేదు. తిన్నగా ఎడమ అంచు దిగింది. ఆ అంచున సాల ఆకుల మోపు నెత్తిన పెట్టుకుని ఫూల్‌మణి నడుస్తోంది. సంతాలీ గిరిజన మనిషి. విస్తళ్లు కుట్టి బజార్లో అమ్ముకునేది. మన పెళ్లిళ్లలో, మన సంబరాల్లో మనం తిన్న విస్తళ్లు ఆమె కుట్టినవే. అక్కడే చచ్చిపోయింది. ఆకులు రోడ్డంతా పరుచుకున్నాయట. ఆ రోడ్డున పోయినవాళ్లు ఆకులు చూసి పక్కకి తప్పుకుని పోయారట.

సాయంత్రానికే మజుందార్ బాబు పోలీసు ఔట్‌పోస్టుకు వెళ్లి "నా డ్రైవరు తాగుబోతు, అందరికీ తెలుసు" అని చెప్పి వచ్చాడు. కారును తాళ్లు కట్టి లాగించి తన అడితీ షెడ్డులో పెట్టించాడు. గోవిందరావు లాకప్పులో ఉన్నాడు.

ఇక ఆ బుష్ సంగతి.

ఆ కారులో స్టీరింగు తిప్పితే కింద ఒక పళ్ల కడ్డీ అటూ ఇటూ జరుగుతుంది. దాన్ని రాక్ అంటారు. కడ్డీ జరిగితే చక్రాలు తిరుగుతాయి. కడ్డీ ఇనప గొట్టంలో ఉంటుంది. కుడి కొసన స్టీరింగు పళ్లు దాన్ని పట్టుకుంటాయి. ఎడమ కొసన పట్టుకునేది ఒక కంచు గుల్ల. అదే బుష్. అరిగితే కడ్డీ ఎగిరెగిరి పడుతుంది, చక్రాలు వణుకుతాయి, చేతిలో స్టీరింగు జ్వరమొచ్చినట్టు ఊగుతుంది. విల్‌ఫ్రెడ్ దొర వెళ్లాక దానికి ఒక్క చుక్క నూనె పెట్టినవాడు లేడు. అరిగింది.

దసరాకి ముందు ఒక ఆదివారం సింహాచలం గారు నూకయ్య ఇంటికొచ్చాడు. సింహాచలం గారు రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు, తెలుగు సమాజానికి సెక్రటరీ. ఏటా అమ్మవారి సంబరానికి పందిరి కర్రలు మజుందార్ బాబు అడితీ నుంచి ఊరికే వస్తాయి. దానికి బదులు బాబుకి ఏ పని పడ్డా తెలుగు ఫిట్టరు ఒకడు ఆదివారం పూట వెళ్లి చేసి రావాలి. కూలి అడగకూడదు. దానికి వీళ్లు పెట్టుకున్న పేరు 'అమ్మోరి పని'. వెట్టి అని ఎవడూ అనడు. అమ్మవారి పేరు తగిలించాక ఎవడంటాడు? కళ్లు పోవూ!

"కలకత్తా నుంచి అసలు బుష్ తెప్పించుకోండి బాబూ" అని నూకయ్య ఆవేళ అడితీలో బాబుకి వచ్చీరాని హిందీలో చెప్పాడు. అది నిజం. గట్టిగానే చెప్పాడు.

మజుందార్ బాబు నవ్వి హిందీలోనే అన్నాడు. "పండక్కి నా గెస్టులొస్తున్నారు మిస్త్రీ. అంతవరకూ ఈ బండి మూల పడుంటుందా?"

సింహాచలం గారు భుజం తట్టాడు. "ఏమయ్యా నూకయ్యా, ఏనుగంత రైలు పెట్టెలు ఆపేవాడివి. ఈ బొమ్మ బండి దగ్గర చేతులెత్తేస్తావా? బెంగాలీల ముందు మన పరువు తీస్తావా?"

అక్కడ పడ్డాడు నూకయ్య. మన పరువు అనగానే మనవాడు పడతాడు. బజార్లో పాత కంచు ముక్క కొన్నాడు. రంపం మిల్లు లేత్ మీద తిప్పాడు. చేతికలవాటైన పద్ధతిలోనే తిప్పాడు.

రైలు పెట్టె బ్రేకు పిన్నులకు అతని చేతిలో స్థిరపడిన సూత్రం ఒకటుంది. పిన్ను తన బరువుకి తానే దిగాలి. సుత్తి అడిగితే ఆ పని తప్పు. బుష్ కూడా బొటనవేలితో తోస్తే వెళ్లాలి. బయటికి రాకుండా ఆపడానికి అటు వాషరూ, ఇటు కాటరనే అడ్డుచీలా ఉంటాయిగా. కారు రాక్‌కి వాషరూ లేదు, కాటరూ లేదు. గొట్టం మీద ఒక చిన్న మర ఉంది. పాత బుష్‌లో ఆ మర కొస దిగడానికి గుంట ఉంది. నూకయ్య గుంట తవ్వలేదు. మర బిగిస్తే కడ్డీ పట్టేస్తోంది. వదులు చేసి వదిలేశాడు. బుష్ బొటనవేలికి దిగింది, కడ్డీ వెన్నలో కత్తిలా నడిచింది. అందరూ 'వహ్వా' అన్నారు. నూకయ్యకి ఛాతీ పొంగింది.

ఆ ఛాతీలో ఇప్పుడు రాయి పడింది.

దాలమ్మ వెళ్లిన కాసేపటికే సింహాచలం గారు వచ్చాడు. కూర్చోమనకముందే కూర్చున్నాడు. జేబులోంచి మైనం కాగితం పొట్లం తీసి విప్పాడు. లోపల కొత్త బుష్, కలకత్తా నుంచి వచ్చింది. బంగారంలా మెరుస్తోంది.

"రేపు మోటారు ఇన్‌స్పెక్టరు బండి చూడ్డానికి వస్తున్నాడు. ఇవాళ నువ్వు ఇది వేసెయ్యాలి."

"ఇప్పుడెందుకు బాబూ?"

"ఎందుకేమిటయ్యా! విప్పి చూస్తే నీ కంచు ముక్క కనపడదూ? ఎవరేశారంటాడు. నువ్వు సర్కారీ నౌకరీలో ఉండి బయట పని చేశావని తేలుతుంది. ఉద్యోగం పోతుంది, క్వార్టర్ పోతుంది. నీ మంచికే చెబుతున్నా."

"మరి గోవిందు?"

సింహాచలం గారు పొట్లం మడిచాడు. "వాడి సంగతి బాబు చూసుకుంటాడు. ప్లీడర్ని పెడతాడు. వాడి పెళ్లాం పస్తుండకుండా చూస్తాడు. వాడు తాగినవాడే కదా?"

"తాగినాడని మీరు సూసినారా బాబూ?"

"నువ్వు తాగలేదని చూశావా?"

హైమవతి తలుపు చాటు నుంచి బయటికొచ్చింది. "ఎల్లండి" అంది మొగుడితో, కళ్లు నేలకేసి. "పిల్ల పెళ్లి కుదిరేలా ఉంది. ఈ నీడ పోతే మనకేటి మిగుల్తాది? ఎల్లి ఏసీసి రండి. ఆ తరవాత గోవిందు కోసం మొక్కుకుందాం."

నూకయ్య పెళ్లాం మీద కోప్పడలేదు. ఆమె భయం అతని భయమే. స్పానర్ల సంచీ అందుకున్నాడు. వెళ్లాడు. వెళ్లేటప్పుడు వెయ్యడానికే వెళ్లాడు. అబద్ధమెందుకు?

అడితీ షెడ్డు రేకు తలుపులు మూసి ఉన్నాయి. అవతల గోల్‌బజార్ ఆదివారం రద్దీ. రిక్షా బెల్లులు, చేపల వాళ్ల అరుపులు. ఇవతల తడి కర్ర వాసన, ఎర్ర కారు. ముక్కు సొట్ట పోయింది. ముందు ఊచల మధ్య ఒక సాల ఆకు ఇరుక్కుని ఎండిపోయి ఉంది. దాన్ని తియ్యాలని ఎవరికీ తోచలేదు. నూకయ్య తీశాడు. ఎక్కడ పడెయ్యాలో తెలియక చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

సింహాచలం గారు కొత్త బుష్ పొట్లం చేతికిచ్చి పక్కన నిలబడ్డాడు. మజుందార్ బాబు దుంగ మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. "జల్దీ కరో మిస్త్రీ. ఇంకా చాలా పనులున్నాయి."

జాకీ ఎత్తి ముందు చక్రాలు నేల వదిలేలా చేశాడు. స్టీరింగు పట్టుకున్నాడు. ఎడమకి తిప్పాడు. చక్రాలు చివరిదాకా వెళ్లాయి. కుడికి తిప్పాడు.

సగంలో 'టక్' మంది. ఆగిపోయింది.

మళ్లీ తిప్పాడు. మళ్లీ 'టక్'. కండ బిగించి తిప్పాడు. చక్రం వినలేదు.

"స్టీరింగు కుడేపు తిరగలేదే, నానేటి సెయ్యను." లాకప్పు ఊసల మాట ఇనుములోంచి వినపడింది. నూకయ్య కారు కిందికి దూరాడు.

ఎడమ కొసన రబ్బరు తొడుగు బిగించిన తీగ విప్పాడు. తొడుగు వెనక్కి లాగాడు. నూనె కారింది. నూనెలో అతని కంచు బుష్ గొట్టంలోంచి సగానికి పైగా బయటికొచ్చి, వంకరగా, కోర పన్నులా నిలబడి ఉంది. కడ్డీ కుడికి జరుగుదామంటే కడ్డీ కొసనున్న గుబ్బ వచ్చి దానికి గుద్దుకుంటోంది. వాషరు లేదు, కాటరు లేదు, మర వదులు. ఆ గతుకుల రోడ్డు మీద అది కొంచెం కొంచెంగా జారుకుంటూ వచ్చింది. ఎవరు ఆపుతారు దాన్ని?

"కీ హోలో?" ఏమైందన్నాడు బాబు.

నూకయ్య కొత్త బుష్ తీసి పాతదాని పక్కన పట్టి చూశాడు. కొత్తది వెంట్రుకవాసి లావు. బొటనవేలికి దిగదు. అరచేతికీ దిగదు. సుత్తి పడితే గాని దిగదది. దిగాక బయటికి రాదు. దాని ఒంటి మీద మర కోసం గుంట ఉంది, చిన్నది, కంది గింజంత. కన్న తల్లి పెట్టిన దిష్టిచుక్కలా ఉంది. విల్‌ఫ్రెడ్ దొర బతుకంతా నూనె పోసి కాపాడుకున్నది ఇలాంటి బుష్‌నే. తను తవ్వకుండా వదిలేసింది ఆ గుంటే.

సుత్తి చేతిలోనే ఉంది. నాలుగు దెబ్బలేస్తే పని అయిపోతుంది. కంచు ముక్క తీసి జేబులో వేసుకోవచ్చు. నాలాలో పారేయొచ్చు. రేపు ఇన్‌స్పెక్టరు స్టీరింగు తిప్పుతాడు, అటూ తిరుగుతుంది, ఇటూ తిరుగుతుంది. "బండి బాగానే ఉంది" అని రాసుకుపోతాడు. క్వార్టర్ నిలుస్తుంది. పిల్ల పెళ్లవుతుంది. గోవిందరావు ఒక్కడే మిగులుతాడు, ఊసల వెనక, 'తాగుబోతు' అనే మాటతో. బతికినంతకాలం. అక్కడ సాలువా వైపు ఏ గుడిసెలోనో విస్తళ్ల మోపు సగం కుట్టినది ఉండే ఉంటుంది.

సుత్తి నేల మీద పెట్టాడు నూకయ్య.

"ఇది నా తప్పు" అన్నాడు. "నా సేతి తప్పు. గోవిందు తాగలేదు."

సింహాచలం గారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "తప్పయితే సరిదిద్దుకోవయ్యా! అందుకేగా తెచ్చాం కొత్తది. వెయ్యి."

"ఇప్పుడేస్తే సరిదిద్దడమవదు బాబూ. కప్పెట్టడమవుతాది."

"వేదాంతం చెప్పకు. ఎవరు చెయ్యమన్నారు నిన్ను? నీకు రాకపోతే రాదని చెప్పాల్సింది."

"సెప్పినాను. బాబు పండగన్నాడు. మీరు పరువన్నారు. నాను ఇన్నాను. ముగ్గురం కలిసి ఏసినాం ఈ బుష్షు."

"అమ్మవారి సంబరం ఆగిపోతుందిరా, ఈయన కర్రలివ్వకపోతే! అమ్మవారి పనికి అడ్డం పడతావా?" సింహాచలం గారు 'రా' అనేశాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అనలేదు.

"అమ్మోరికి పందిరి కావాలంటే నా ఎముకలతో రాటలేత్తాను. ఇది అమ్మోరి పని కాదు బాబూ. ఎట్టి. ఎట్టికి అమ్మోరి పేరెట్టి ఇన్నాళ్లూ సేసినాం, అందుకే ఒక తల్లి సచ్చిపోనాది."

మజుందార్ బాబుకి తెలుగు రాదు. కానీ సుత్తి నేల మీద పెట్టడం అన్ని భాషల్లోనూ ఒకటే. చుట్ట పారేసి లేచాడు. "ఏయ్! బంద్ కరో! నిన్ను నౌకరీలోంచి తీయిస్తాను. నిన్నూ ఆ డ్రైవరు పక్కన పెట్టిస్తాను."

"ఠీక్ హై" అన్నాడు నూకయ్య. "బాబూ, ఠీక్ హై. పెట్టించు."

లేచి రేకు తలుపుల దగ్గరికి నడిచాడు. సింహాచలం గారు చెయ్యి పట్టుకున్నాడు. నూనె చెయ్యి, జారిపోయింది. గడియ లాగాడు. రెండు రేకులూ రెండు వైపులా తోసేశాడు. గోల్‌బజార్ వెలుతురు షెడ్డులో పడింది. చేపలు తూచేవాడు తక్కెడ ఎత్తి ఆగిపోయాడు. రిక్షావాళ్లు దిగారు. గుడ్డల కొట్టు ముందు ఆడవాళ్లు తిరిగి చూశారు.

నూకయ్య ఎప్పుడూ పదిమంది ముందు నోరెత్తినవాడు కాదు. సమాజం మీటింగుల్లో వెనక చాప మీద కూర్చునేవాడు. ఇప్పుడు వచ్చిన భాషలన్నీ కలిపి అరిచాడు. "దాదా! దీదీ! ఇధర్ ఆఓ! మన తెలుగోళ్లు ఎవరున్నా రండి! ఎవడూ దీని మీద సెయ్యెయ్యకండి, సూడండి!"

జనం వచ్చారు. తలుపులో నిండారు. సబ్బు నురగ గెడ్డం వాడు కూడా వచ్చాడు, ఇప్పుడు నున్నగా ఉన్నాడు. నూకయ్య స్టీరింగు తిప్పి చూపించాడు. ఎడమకి తిరిగింది. కుడికి 'టక్'. జనంలో ఎవరో "అయ్యో" అన్నారు. ఇంకొకడు ముందుకొచ్చి తనూ తిప్పి చూశాడు. 'టక్'. నూకయ్య అందర్నీ వంగి చూడమని వంకర బుష్ చూపించాడు.

"దీన్ని సేసింది నానే, నూకయ్య, బ్రేకు ఫిట్టరు" అన్నాడు. "సేయించింది ఈ బాబు. పంపింది ఈ పెద్దాయన. ఈ కొత్త బుష్షిచ్చి పాతది మాయం సెయ్యమన్నారు. సెయ్యను."

కారు ముందు, జాకీ మీద లేచిన చక్రం పక్కన, నేల మీద కూర్చున్నాడు. నూనె చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఇంటి గుమ్మంలో హైమవతి ఎదురుచూస్తూ ఉంటుందని తెలుసు. ఆమెకి ఏం చెప్పాలో తెలియదు. తెలియకపోయినా లేవలేదు. గొంతు పోతోంది, అయినా ఆపలేదు.

"ఇన్‌స్పెక్టరు రేపు రావడం కాదు, ఇప్పుడే పిలవండి. ఔట్‌పోస్టుకి ఎవరైనా పరిగెట్టండి. ఆయనొచ్చి తన సేత్తో తిప్పి సూసి, తన కంటితో ఈ కంచు ముక్క సూసి, అప్పుడు తియ్యాలి దీన్ని. ఫూల్‌మణి మనుషుల్ని తీసుకురండి, ఆళ్ల ముందే తియ్యాలి. గోవిందుని ఇడిసిపెట్టండి. నన్ను కట్టండి, నాతో పాటు ఈ ఇద్దర్నీ కట్టండి. ఏటి సూత్తన్నారు ఇంకా? ఎల్లండి, ఇప్పుడే ఎల్లండి!"